పన్నెండో బల్లెం

"పన్నెండోది ఎంతకు అమ్ముకున్నవ్ ఇమామూ?"

1941 జనవరిలో ఒక పొద్దుటిపూట రాజావారి లెక్కలు చూసే పేష్కారు కృష్ణయ్య అడిగిన మాట ఇది. చాటుకు పిలిచి అడిగినా బాగుండేది. సిలేఖానాలో, అంటే సంస్థానం వారి ఆయుధాల కొట్టులో, కర్నూలు నుంచి వచ్చిన బేరగాడి ముందు, ఇద్దరు జవాన్ల ముందు అడిగాడు. ఇమామ్ సాహెబ్ చేతిలో నూనెగుడ్డ ఉంది. దాన్ని మడిచాడు, మళ్లీ మడిచాడు, ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యాక గూట్లో పెట్టాడు.

పన్నెండోది ఎక్కడుందో ఆ గదిలో తెలిసిన మనిషి అతనొక్కడే.

ఆ సంస్థానం గద్వాల కాదు, వనపర్తి కాదు. ఆ రెండింటి గొప్పలు చెప్పుకుని కాలం గడిపే చిన్నది: నలభై ఊళ్లు, ఒక కోట, కోటకంటే ఎత్తయిన అప్పు. అందులో ఇమామ్ సాహెబ్ సికిల్‌గర్. కత్తులకు సాన పట్టడం, తుప్పు దులపడం, పిడులు బిగించడం ఆ వంశం పని. తండ్రి ఫకీర్ సాహెబ్ చేసిన కొలువే కొడుకుకు వచ్చింది. జీతం నెలకు నిజాం నాణెంలో పద్నాలుగు హాలీ రూపాయలు. జీతమని పేరేగానీ, అది చేతికి అంది ఇరవై రెండు నెలలయింది. పాత సంస్థానాల దయాధర్మాల గురించి కళ్లు తుడుచుకుంటూ చెప్పేవాళ్లు ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి దగ్గుతారు.

కొట్టులోని కత్తులు, కటార్లు, బాకులు ఇమామ్‌కు ఇంట్లో పిల్లల్లాంటివి. పన్నెండు మాత్రం పరాయివి. ఇప్పటి రాజావారి తాతగారు మద్రాసు పోయినప్పుడు, అక్కడ చనిపోయిన ఒక ఐరోపా వర్తకుడి ఇంటి సామాను వేలం వేస్తుంటే పాడి తెచ్చినవి. రైలు దిగి బండ్లెక్కి, కృష్ణ దాటడానికి పుట్టి ఎక్కాయి. ఎనిమిదడుగుల కర్రలు గుండ్రటి పుట్టిలో ఇమడక రెండు పక్కలా పొడుచుకొచ్చి, మీసాలున్న తాబేలు ఏరు దాటుతున్నట్టుందని ఫకీర్ సాహెబ్ చెప్పేవాడు. వాటిని ఏమనాలో తెలియని గుమాస్తా "పరంగి బల్లేలు, పొడుగు పిడివి, 12" అని జాబితాలో రాసి చేతులు దులుపుకున్నాడు.

అవి బల్లేలు కావు. ఏడింటికి ఒకే తలలో మూడు పనులున్నాయి: ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క కొక్కెం, నెత్తిన పొడిచే మొన. రెండు మాత్రం పెద్ద కసాయి కత్తుల్ని కర్రకు దిగేసినట్టుండేవి. మరో రెండు కొడవలిలా వంగినవి. ఇక పన్నెండోది వీటిలో దేనికీ చుట్టం కాదు. కర్ర కొసన రావి ఆకులాంటి ఇనుప అలుగు, మొదట్లో రెండు పక్కలా రెక్కలు, అలుగు నడుమ జాలీలా తొలిచిన నగిషీ.

వాటితో ఇమామ్‌కు ఇరవై రెండేళ్ల వయసులో మొదటి తగాదా వచ్చింది. సీమ కర్రలు చెద తినేస్తే, కొత్తవి వేయమని తండ్రి చెప్పాడు. బల్లేనికి ఏం వేస్తారు? నున్నటి వెదురు. అదే వేశాడు. ఆ దసరా ఊరేగింపులో ఒక జవాను ఆ గొడ్డలిబల్లేన్ని భుజాన పెట్టుకుని రాజావారి పల్లకీ పక్కన నడుస్తుంటే, గుండ్రటి కర్ర చేతిలో గిర్రున తిరిగింది. వెనక్కి ఉండాల్సిన కొక్కెం పక్కకు వచ్చి పల్లకీ పరదాను పట్టుకుంది. పరదా చిరిగింది. లోపల నోరు తెరుచుకుని నిద్రపోతున్న రాజావారు ఊరందరికీ కనబడ్డారు. ఇమామ్‌కు అయిదు రూపాయల జుర్మానా పడింది.

జుర్మానా కట్టినవాడు మామూలుగా మర్చిపోతాడు. ఇమామ్ మర్చిపోలేదు. చెద తిన్న పాత కర్ర ముక్క తీసి చూస్తే, దానికి ఎనిమిది పలకలున్నాయి. కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. పలక అరచేతికి ఆనగానే పదును ఏ దిక్కుందో చెయ్యే చెప్పింది. బల్లేనికి ముందూ వెనకా లేవు, కాబట్టి గుండ్రటి కర్ర చాలు. గొడ్డలికి ముఖం ఉంది. ఆ ముఖం ఎటుందో కళ్లతో వెతుక్కునే తీరిక యుద్ధంలో ఎవడికుంటుంది? మర్నాడే నల్లమల చెంచుల దగ్గర చిరుమాను కర్రలు తెప్పించి, పలకలు చెక్కి, పదకొండింటికీ తనే బిగించాడు. ఏ సముద్రం అవతలో, ఎన్ని వందల ఏళ్ల కిందో చచ్చిన ఒక పిడి బిగించేవాడి ఆలోచన తన అరచేతిలోకి వచ్చిందని అతనికి అనిపించింది. ఆ ముచ్చట భార్యకు చెబితే, "గా ముచ్చటకు అయిదు రూపాలా?" అంది రజియాబీ.

ఇప్పుడు వాటిని కొనడానికి వచ్చినవాడు జయరాజు. కర్నూలు మిషన్ బడిలో చదివి, పాత సామాన్ల బేరంలోకి దిగిన మనిషి. బొమ్మల పుస్తకం ఒకటి వెంట తెచ్చాడు. ఒక్కొక్కదాన్నీ బొమ్మతో పోల్చి పేరు చెప్పాడు: గొడ్డలిది హాల్బర్డ్, కసాయి కత్తిది గ్లేవ్, కొడవలిది బిల్.

"గీ కొడవలిది మా గొల్లోల్ల దోటి గద సారూ," అన్నాడు ఇమామ్. "మేకలకు కొమ్మలు దింపేది."

జయరాజు పుస్తకం మూశాడు. "నిజమే సాహెబ్ గారూ. అక్కడా రైతులు కంచెలు కొట్టుకునే కొడవలే ఇది. యుద్ధానికి రమ్మంటే దాన్నే పొడుగు కర్రకు బిగించుకుని పోయారు."

"గీ ఇనుప పట్టీలు అందానికని రాసిండ్రా గండ్ల?" అలుగు కింద కర్రకు రెండు పక్కలా దిగేసిన పట్టీల్ని చూపించాడు ఇమామ్.

"అలంకారం కోసమే అయుంటాయి."

"అందానికి గిన్ని మేకులు కొడ్తరా? అవతలోడు కత్తితోని కర్రను నరికితె తల కింద పడ్తది. మిగిలిన కట్టె పట్టుకొని ఏం జేస్తడు, కుక్కల గెదుముతడా? గందుకు గీ పట్టీలు."

జయరాజు నవ్వి, జేబులోంచి పెన్సిల్ తీసి పుస్తకం అంచున రాసుకున్నాడు. ఇమామ్ సాహెబ్ జీవితంలో ఒక చదువుకున్నవాడు అతని మాట రాసుకోవడం అదే మొదలు. ఆ సంతోషం పావుగంట కూడా నిలవలేదు. కృష్ణయ్య జాబితా తెచ్చి లెక్కపెట్టాడు. పదకొండే ఉన్నాయి.

"పన్నెండుంటె పద్దెనిమిది వందలన్నడు ఈయన. నీ పాత జీతం గూడ గండ్లకెల్లే ఇద్దమనుకున్న," అన్నాడు కృష్ణయ్య. "పీర్ల నెల పొడిచేలోపల తెచ్చి పెట్టు. పెట్టకపోతివా, దొంగ అని రాసి కొలువుల నుంచి తీసేస్త. జీతం అడిగే ముచ్చటే ఉండదు."

సంగతి ఇది. ముప్పై ఏళ్ల కింద గత్తర, అంటే కలరా, వచ్చి ఊళ్లు ఊడ్చుకుపోయినప్పుడు, పెద్దరాణమ్మ కోటకు రెండు కోసుల దూరంలోని ఒక ఊరి పీర్లకు మొక్కుకుంది. గత్తర తగ్గింది. కొన్నాళ్లకు గత్తర దానంతటదే తగ్గుతుందని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మొక్కు తీర్చడానికి వెండి పీరు చేయిద్దామంటే ఖజానాలో వెండి లేదు. ఆమె సిలేఖానాకు వచ్చి, రెక్కల అలుగును చూసి నిలబడిపోయింది. పీర్ల చావిట్లో నిలబెట్టే పంజాలు కొన్ని అచ్చం ఆకు ఆకారంలోనే ఉంటాయి, నడుమ తొలిచిన అక్షరాలుంటాయి. "గిది పీరు. పొరపాటున ఆయుధాలల్ల కలిసింది," అని తేల్చేసింది రాణమ్మ. రాణమ్మ తేల్చాక కాదనేదెవరు? ఫకీర్ సాహెబ్ దాన్ని భుజాన వేసుకుని నడిచాడు. వెనక పద్నాలుగేళ్ల ఇమామ్ నడిచాడు. కాగితం మీద ఎవరూ ఒక్క గీత గీయలేదు.

చావిట్లో దించి తుడిచి చూస్తే, నడుమ తొలిచినవి అరబ్బీ అక్షరాలు కావు. కిరీటం పెట్టుకున్న సింహం, దాని చుట్టూ దొరల అక్షరాలు. పీరు మీద మృగం బొమ్మా! ఫకీర్ సాహెబ్ గబగబా గంధం పూసి, పైన పచ్చటి గుడ్డ కప్పి కుట్టేశాడు. ఆ గుడ్డ విప్పే హక్కు సికిల్‌గర్ ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ లేదని ఊరికి చెప్పాడు. అప్పటి నుంచి ఏడాదికొకసారి, మొహర్రం నెలవంకకు ముందు రోజు, తండ్రి, ఆయన పోయాక ఇమామ్ వెళ్లి తలుపు వేసుకుని తుడిచి, నూనె రాసి, మళ్లీ కుట్టి వచ్చేవాళ్లు. ఊరు దానికి రెక్కల పీరని పేరు పెట్టింది. గోపాల్‌పేట నుంచి, తిమ్మాజిపేట నుంచి కూడా జనం వచ్చి దట్టీలు, అంటే మొక్కుబడి గుడ్డలు, కట్టేవాళ్లు.

ఆ పొద్దు ఇంటికి పోయి రజియాబీకి చెప్పాడు.

"అజీ, చెప్పెయ్యరాదు? మామ ఎత్తుకపోయిండా? రాణమ్మ ఇయ్యమంటెనే గద ఇచ్చిండు."

"కాయిదం ఉన్నదా?"

"లేదు."

"రాణమ్మ ఉన్నదా?"

"సచ్చిపాయె."

"ఇగ సాక్షి ఎవరు? పీరా?"

"గన్నేండ్ల సంది మలీద తింటుండు. ఒక్క మాట సాక్షి చెప్తె పోయేదేమున్నది?" అని, తన మాటకు తనే నవ్వి, నవ్వు ఆపి అంది. "ఇరవై రెండు నెలలు. జర గది యాదుంచుకో. అంగడి సేటు ఇగ చెంబెడు జొన్నలు గూడ అప్పియ్యనన్నడు."

చెప్పకపోతే కోటలో దొంగ. చెబితే జవాన్లు పోయి పీరును పెరికి తెస్తారు, అప్పుడు ఊళ్లో దొంగ. పైగా ముప్పై ఏళ్లు సింహానికి మొక్కించిన తండ్రి కూడా దొంగే. ఇమామ్ సాహెబ్ నమాజు తప్పని మనిషే గానీ, ఆ ఇనుము మీద అతనికి భ్రమలేం లేవు. భ్రమలున్నవాళ్లను గురించే అతని బాధ.

రెండు రోజులాగి, ఆ పీరును ఏటా ఎత్తుకునే గొల్ల బుచ్చన్న దగ్గరికి పోయాడు. బుచ్చన్న దోటితో తుమ్మకొమ్మలు దింపుతున్నాడు.

"ఏం బావా, నెల పొడవకముందే ఒచ్చినవ్? పనిలేకుంటె మా మేకల కొమ్ములకు సాన పట్టరాదు?"

"పరాచికాలు కాదు గని, ఒక మాట అడుగుత. రెక్కల పీరు ఏందనుకుంటున్నవ్ నువ్వు?"

బుచ్చన్న దోటి ఆపలేదు. "ముప్పై ఏండ్ల సంది మోస్తున్న. కడమ పీర్లు గాలికి ఊగుతయి. గిది ఊగదు, ముంగటికి గుంజుతది. మనిషిని పొడ్వనీకె జేసిందని మొదటి ఏడే నా బుజానికి ఎర్కయింది."

"మరి ఎవ్వలకు చెప్పకపోతివి?"

"ఎవడడిగిండు? కొడుకులు కావాలని అడుగుతరు, వానలు కావాలని అడుగుతరు. నువ్వెవరవని పీరును ఎవడు అడగలే."

ఇమామ్ కోటలో జరిగిందంతా చెప్పాడు. బుచ్చన్న దోటిని చెట్టుకు ఆనించి కూర్చున్నాడు.

"తీస్కపోతె తీస్కపో. రేకుది ఇంకోటి నిలబెడ్తం. గని ఊరికి నువ్వే చెప్పాలె, నేను చెప్ప." తలగుడ్డ దులిపి అడిగాడు, "దొంగ అన్నది కృష్ణయ్య పంతులేనా? ఏడాదికోసారి జరీ అంచు దట్టీ తెచ్చేటాయనేనా?"

తిరిగి వచ్చే దారంతా ఆ మాటే ఇమామ్ వెంట నడిచింది.

కృష్ణయ్యకు ఇద్దరు పిల్లలు పోయారు. మూడోవాడికి జ్వరం వచ్చినప్పుడు భార్య సుభద్రమ్మ పోరితే రెక్కల పీరుకు మొక్కాడు. పిల్లవాడు బతికాడు, ఇప్పుడు హైదరాబాదులో చదువుతున్నాడు. దేవుళ్లను వరస తప్పకుండా పూజించే ఇంట్లో ఈ దట్టీ సంగతి పైకి అనుకోరు, మానుకోరు కూడా.

నెలవంకకు ముందు రోజు ఇమామ్ కోటకు కబురు పంపాడు: పన్నెండోది చూపిస్త, పీర్ల చావిడి కాడికి రమ్మను. కృష్ణయ్య బండి కట్టించుకుని జయరాజుతోనూ జవాన్లతోనూ వచ్చాడు. ఎక్కడో దాచిన సరుకు ఇవాళ బయటపడుతుందని అతని అంచనా.

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఇమామ్ తలుపు వేసుకోలేదు. పీర్లన్నీ చాప మీద పడుకోబెట్టి ఉన్నాయి. నిరుటి దట్టీలు పక్కన కుప్పగా ఉన్నాయి. కుప్ప మీద జరీ అంచుది ఉంది. అది తనదేనని కృష్ణయ్య గుర్తుపట్టిన క్షణం ఇమామ్‌కు తెలిసింది, ఎందుకంటే పంతులు చెప్పులు విడిచాడు. ఇమామ్ పచ్చగుడ్డ కుట్లు ఒక్కొక్కటే కత్తిరించి, గుడ్డ లాగేశాడు.

"పార్టిజాన్!" అని జయరాజు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మూడు వందల ఏళ్ల కిందటిది. ఏ రాజు దగ్గరో అంగరక్షకుల నాయకుడిది. దీనికొక్కదానికే ఏడు వందలు ఇస్తాను నేను."

"నేను అమ్మలే పంతులుగారూ," అన్నాడు ఇమామ్. "పెద్దరాణమ్మ ఇయ్యమంటె మా నాయన తెచ్చి ఇచ్చిండు. గిదే పన్నెండోది. బండి తెచ్చిండ్రు గద, ఎత్తుండ్రి."

కృష్ణయ్య జవాను వైపు చూశాడు. "ఎత్తుర."

"పొద్దుగాల సంది నడుం పట్టింది అయ్యా," అన్నాడు జవాను. రెండోవాడు బండి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు, ఎడ్లు అడక్కపోయినా.

కృష్ణయ్య తనే వంగాడు. చెయ్యి జానెడు దూరంలో ఆగింది. ఆ చేతికి పేష్కారుగిరీ గుర్తుందా, జ్వరంతో పడుకున్న పిల్లవాడు గుర్తున్నాడా అన్నది ఊహించడం కష్టం కాదు.

మేకపిల్లతో గుమ్మంలో నిలబడి చూస్తున్న బుచ్చన్న జయరాజును అడిగాడు. "సారూ, గీనె ఎంతమందిని పొడిచిండు?"

"ఎవర్నీ పొడిచి ఉండదు. ఇలాంటి నగిషీలు చెక్కేనాటికి తుపాకులొచ్చేశాయి. నాయకుడు దీన్ని పట్టుకుని అందరికంటే ముందు నడిచేవాడు. జనం చూసి దారి ఇచ్చేవారు. అంతే దీని పని."

"గయితె గీడ చేస్తున్నది గూడ గదే పని గద. మల్ల బదిలీ ఎందుకు?"

జవానుకు నడుం నొప్పి మరిచిపోయి నవ్వు వచ్చింది. కృష్ణయ్య నిటారుగా నిలబడి, కండువాతో మొహం తుడుచుకుని, సంచీలోంచి జాబితా తీశాడు. "అసలు పదకొండే ఒచ్చినయి. గుమాస్తా తప్పు రాసిండు. దిద్దుత," అని కలం తీశాడు.

ఆ దిద్దుబాటుతో అందరికీ సుఖమే. పీరు ఉంటుంది, పంతులు మొక్కు ఉంటుంది, ఇమామ్ కొలువు ఉంటుంది. అందుకే ఇమామ్ సాహెబ్ అన్న మాట అక్కడ ఎవరికీ రుచించలేదు.

"గట్ల రాస్తె నేను ఒప్పుకోను."

"ఏంది?"

"పదకొండే ఒస్తె మా నాయన బుజం మీద మోసిందేంది? పది దినాల సంది బజార్ల నన్ను దొంగ అంటున్నరు. లేనిదానికి దొంగనైతినా? ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. రాణమ్మ ఇచ్చింది, ఫకీర్ తీస్కపోయి పీరుకు అప్పజెప్పిండు, అని."

కృష్ణయ్య గొంతు తగ్గించాడు. బెదిరింపు లేదు అందులో. "ఇమామూ, జర ఇను. పదకొండని రాస్తె అడిగేటోడు లేడు. గా పదకొండు అమ్మిన పైసలల్ల నీ జీతం ముందుగాల ఇప్పిస్త. ఇచ్చిండ్రని రాస్తె, ఎవరినడిగి ఇచ్చిండ్రు, గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదు అని రాజావారు గుస్సయితరు. గప్పుడు ఆగేది నీ జీతమే."

ఇమామ్ సాహెబ్ చాప మీద కూర్చుని, నూనెగుడ్డ తీసుకుని, సింహం జూలు మీద పట్టిన గంధం తుడిచాడు. అంతా పోయేదాకా తుడిచాడు. తర్వాత అన్నాడు. "రాయుండ్రి."

కృష్ణయ్య రాశాడు. జయరాజు సాక్షి సంతకం పెట్టాడు. బుచ్చన్న వేలిముద్ర వేసి, ఆ సిరాను మేకపిల్ల వీపుకు తుడుచుకున్నాడు. మర్నాడు రెక్కల పీరు కొత్త పచ్చగుడ్డలో లేచింది. సింహం సంగతి పక్క ఊళ్లకు కూడా పాకింది. మొక్కులు తగ్గుతాయని ఇమామ్ భయపడ్డాడు. ఆ ఏడు ఎక్కువయ్యాయి.

రజియాబీ ఆ పూట జొన్నరొట్టె పెట్టిందిగానీ మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. "నీ పేరు కాయిదం మీద మంచిగున్నది. గా కాయిదం ఏ అంగట్ల చెల్లుతదో అడిగిరా."

జయరాజు పదకొండింటినీ పదకొండు వందలకు తీసుకుపోయాడు. పలకల పిడులు విప్పకుండా, అలాగే. పోయేముందు ఇమామ్ చేతిలో అయిదు రూపాయలు పెట్టబోతే అతను తీసుకోలేదు, తర్వాత తీసుకున్నాడు. కృష్ణయ్య చెప్పినట్టే జరిగింది: రాజావారు ఆ వాక్యం చదివి, సికిల్‌గర్ పాత జీతం కాగితం మీద "తరువాత చూడవలెను" అని రాశారు. ఇమామ్ సాహెబ్ ఆ నెలలోనే కొలువు మానేసి, సానరాయి బండి మీద వేసుకుని వనపర్తి, నాగర్‌కర్నూలు సంతలు తిరిగాడు. కొడవళ్లకు, మంగలి కత్తులకు సాన పట్టాడు. పిడి బిగించమని ఎవరైనా గొడ్డలి తెస్తే, అడక్కపోయినా కర్రకు పలకలు చెక్కి ఇచ్చేవాడు. ఏటా నెలవంకకు ముందు రోజు మాత్రం సంత మానేసి పీర్ల చావిడికి పోయేవాడు. కృష్ణయ్య కూడా వచ్చేవాడు, దట్టీతో. ఇద్దరూ జీతం ఊసు ఎత్తేవాళ్లు కాదు.

1949లో సంస్థానం ప్రభుత్వంలో కలిసిపోయింది. పాత బాకీలున్నవాళ్లు కాగితాలు పెట్టుకోమన్నారు. ఇమామ్ సాహెబ్ పెట్టుకున్నాడు. ఇరవై రెండు నెలలకు, నెలకు పద్నాలుగు చొప్పున, మూడు వందల ఎనిమిది హాలీ రూపాయలు. అవి ఇంకా రావాలి.